చెరువు, బావి, బోరు: మెట్టసీమ సేద్యంలో నీటి లెక్క

కడప జిల్లాలో పోరుమామిళ్ల అనే ఊరు ఉన్నది. అక్కడి భైరవాలయం దగ్గర 1369వ సంవత్సరపు శిలాశాసనం ఒకటి లభించింది. విజయనగర చక్రవర్తి మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఉదయగిరి నుంచి పాలిస్తుండిన కాలంలో అక్కడ ఒక పెద్ద చెరువు తవ్వించిన సంగతి అందులో చెక్కారు. ప్రతిరోజూ వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేయగా కట్ట పూర్తి కావడానికి రెండేండ్లు పట్టిందట.

మన శాసనాలలో సామాన్యంగా రాజుల వంశావళి, దానధర్మాల వివరాలు ఉంటాయి. ఈ శాసనంలో వాటితోపాటు అరుదైన విషయం మరొకటి ఉన్నది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలను, చెరువుకు రాగల ఆరు దోషాలను ఇందులో వరుసగా చెప్పారు. జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, దూరం నుంచి పారివచ్చే తియ్యటి నీటి యేరు, కట్టకు ఆనుకొని ఉండే కొండలు, మరీ పొడవు కాని గట్టి రాతికట్ట, దగ్గరలో రాతిగని, పనితనం తెలిసిన మనుషులు మొదలైనవి సాధనాలు. ఇక దోషాలు ఇవి: కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు నడుమ మిట్ట ఉండడం, నీరు స్వల్పమై తడపవలసిన నేల విస్తారం కావడం, నేల స్వల్పమై నీరు అధికం కావడం.

వీటిలో అయిదవ దోషాన్ని పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలి. నీరు కొంచెం, నేల ఎక్కువ. ఆరున్నర శతాబ్దాల క్రితం ఒక చెరువును గురించి చెప్పిన ఈ మాట నేడు రాయలసీమ, తెలంగాణ మెట్టప్రాంతాల సేద్యానికంతటికీ వర్తిస్తున్నది. ఆ దోషం ఎట్లా వచ్చింది, దానిని తొలగించుకొనే మార్గం ఏది అన్నదే ఈ వ్యాస విషయం.

రాతినేల స్వభావం

మొదట నేలను గురించి కొంత తెలుసుకోవాలి. గోదావరి, కృష్ణా డెల్టాలలో నదులు తెచ్చి వేసిన ఒండ్రుమట్టి, ఇసుక పొరలు లోతుగా ఉన్నవి. ఇసుక రేణువుల నడుమనున్న ఖాళీలలో నీరు పుష్కలంగా నిలుస్తుంది. రాయలసీమ, తెలంగాణలలో అధిక భాగం అట్టి నేల కాదు. అక్కడ అడుగున ఉన్నవి గ్రానైటు, నైసు వంటి అతి ప్రాచీనమైన గట్టి శిలలు. గట్టి రాతిలో నీరు నిలవడానికి చోటు లేదు. రాతి పైభాగం ఎండకు, వానకు లక్షల ఏండ్లుగా శిథిలమై మొరంగా మారింది. ఈ మొరం పొర మందం చాలా చోట్ల పది ఇరవై మీటర్లకు మించదు. దాని కింద రాతి పగుళ్లలో మాత్రమే కొద్దిగా నీరు ఉంటుంది.

నీటితో పూర్తిగా తడిసిన మొరాన్ని ఒక ఘనపు మీటరు తీసుకొంటే, అందులోనుంచి మనం తోడుకోగలిగేది సుమారు వందకు రెండుపాళ్లు, అనగా ఇరవై లీటర్లు మాత్రమే. కాబట్టి ఈ నేలలో నీటిమట్టం త్వరగా పెరుగుతుంది, త్వరగా పడిపోతుంది. ఆరు సెంటీమీటర్ల నీరు నేలలోకి ఇంకితే బావిలో మట్టం దాదాపు మూడు మీటర్లు పైకి వస్తుంది. దానిని చూచి రైతు సంతోషిస్తాడు. అయితే అంతే నీరు తోడివేస్తే ఆ మూడు మీటర్లూ తిరిగి దిగిపోతాయి. భూమి లోపల సముద్రం ఉన్నదనే భావం ఈ ప్రాంతాలకు సరిపడదు. ఇక్కడ ఉన్నది ఏటేటా నింపుకొని ఏటేటా ఖర్చు చేసుకొనే చిన్న పాత్ర.

వాన కూడా తక్కువే. అనంతపురంలో సాలుకు సుమారు 55 సెంటీమీటర్ల వర్షం కురుస్తుంది. తెలంగాణలో ఇంతకంటె ఎక్కువ పడుతుంది. ఎక్కడైనా వానలో అధిక భాగం నాలుగైదు నెలలలోనే, అందులోనూ కొద్ది రోజులలోనే పడిపోతుంది. ఆ కొద్ది రోజుల నీటిని పట్టి ఉంచుకొన్నవారికే పంట.

చెరువుల కాలం

ఈ సత్యాన్ని మన పూర్వులు బాగా గ్రహించారు. పోరుమామిళ్ల చెరువుకు నూటయాభై ఏండ్ల ముందే, ఇదే జాతి రాతినేల మీద, ఓరుగల్లు నుంచి పాలించిన కాకతీయులు పెద్ద పెద్ద చెరువులు కట్టించారు. పాకాల చెరువు గణపతిదేవుని కాలం నాటిది. ఆయన సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నిర్మించిన రామప్ప దేవాలయాన్ని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఆ ఆలయానికి దగ్గరలోనే రామప్ప చెరువు ఉన్నది. గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన బయ్యారం చెరువు దగ్గరి శాసనం కాకతీయుల వంశచరిత్రకు ముఖ్యమైన ఆధారం.

పెద్ద చెరువులకంటె గొప్పవి చిన్న చెరువులు. ఒక వాగు పొడవునా, పై ఊరి చెరువు అలుగు పారితే ఆ నీరు కింది ఊరి చెరువులోకి చేరేటట్లు వాటిని కట్టారు. వీటినే గొలుసుకట్టు చెరువులు అంటాము. ఎంత వాన పడినా వరుసగా ఒక్కొక్క చెరువు కొంత పట్టుకొని మిగిలినది వదలుతుంది. వరద వేగం తగ్గుతుంది, నీరు నేలలోకి ఇంకుతుంది, చెరువు కింది బావులలో ఊట నిలుస్తుంది.

చెరువును ఆధారం చేసుకొని బ్రతికినవారు రైతులొక్కరే కారు. చేపలు పట్టేవారు, బట్టలుతికే రజకులు, మట్టి తీసుకొనే కుమ్మరులు, కట్ట మీది తాటిచెట్లు గీసేవారు, పశువుల కాపరులు, అందరికీ చెరువుతో సంబంధం ఉండేది. తూము తెరచి మూసి, మడిమడికీ నీరు పంచే నీరటికాడు పంట కళ్లంలో తన వాటా ధాన్యం పొందేవాడు.

చెరువుకు మరొక గుణం ఉన్నది. అందులోని నీరు ఊరందరి కంటికీ కనిపిస్తుంది. వానాకాలం ముగిసిన తరువాత కట్ట మీద నిలబడి చూస్తే, యాసంగికి ఎన్ని ఎకరాలు తడుస్తుందో అనుభవజ్ఞులు చెప్పగలరు. ఉన్న నీటిని బట్టి ఆ యేడు సాగుచేయవలసిన భూమిని నిర్ణయించే పద్ధతిని తెలంగాణలో తైబందీ అంటారు. నీరు సగమే ఉంటే ఆయకట్టులో కొంత భాగమే సాగు. పోరుమామిళ్ల శాసనంలోని అయిదవ దోషానికి ఇది మందు. నీటికి తగినట్లు నేలను కుదించడమే ఇందులోని కిటుకు.

అయితే ఆ కాలాన్ని స్వర్ణయుగమని భ్రమపడరాదు. చెరువు కింది మంచి భూములు ఎక్కువగా పలుకుబడి గలవారి చేతిలోనే ఉండేవి. కట్టకు మట్టి మోసిన కూలీకి తరచు సెంటు భూమి కూడా ఉండేది కాదు. పైగా వరుసగా రెండేండ్లు వాన పోతే చెరువులూ ఎండిపోయేవి. 1876–78 సంవత్సరాలలో వచ్చిన కరువులో రాయలసీమ ఎంత నష్టపోయిందో చరిత్ర చెబుతున్నది. ధాత నామ సంవత్సరంలో మొదలైనందున దానిని ధాత కరువు అన్నారు.

బాగుచేసేవారు కరువైనారు

చెరువు కట్టడం ఒకసారి చేసే పని, కాపాడడం ఏటేటా చేసే పని. వానకు ముందు కాలువలు తీయాలి, గండ్లు పూడ్చాలి, కట్ట మీది కంపచెట్లు నరకాలి, పూడిక ఎత్తాలి. పూర్వం రాయలసీమలో దీనికై దశబంధం అనే మాన్యాలు ఉండేవి. చెరువును కట్టినవారికి, కాపాడేవారికి భూమిని ఇనాముగా ఇచ్చేవారు. రైతులందరూ వంతుల వారీగా పనికి రావడం కూడా ఆచారం. బ్రిటిషువారి కాలంలో భూమిశిస్తు పద్ధతులు మారి, ఈ ఆచారాలు సడలిపోయినవి. సడలిన ఆచారాన్ని చట్టంతో నిలబెట్టాలని మద్రాసు ప్రభుత్వం 1858లో నిర్బంధ శ్రమ చట్టం చేసినా ప్రయోజనం అంతగా కలుగలేదు.

స్వాతంత్ర్యం తరువాత 1948లో మద్రాసు రాష్ట్రంలో జమీందారీలు, 1949లో హైదరాబాదు రాష్ట్రంలో జాగీర్లు రద్దయినవి. ఇది న్యాయమైన సంస్కరణ. కాని జమీందారు హక్కులు పోవడంతోపాటు, చెరువు బాగోగులు చూచే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మిగిలిపోయింది. చెరువులు కొన్ని నీటిపారుదల శాఖకు, కొన్ని పంచాయతీలకు చేరినవి. పూడిక పేరుకొన్నది. చెరువు గర్భంలోని శిఖం భూములు ఆక్రమణల పాలైనవి.

1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించే నాటికి చెరువుల కింద సుమారు 10 లక్షల హెక్టార్లు సాగవుతుండేది. బావుల కింద సాగు అందులో మూడవ వంతుకు మించలేదు. యాభై ఏండ్లలో ఈ లెక్క తలకిందులైనది. చెరువుల కింద సాగు దాదాపు సగానికి పడిపోగా, బావులు, బోర్ల కింద సాగు 20 లక్షల హెక్టార్లను దాటింది.

మోట నుంచి మోటారుకు

బావి మనకు కొత్త కాదు. జత ఎడ్లు మోట లాగుతుంటే రైతు రెండు మూడెకరాలు తడుపుకొనేవాడు. ఎడ్లు అలసిపోతే మోట ఆగేది. ఆ విరామంలో బావిలో నీరు మళ్లీ ఊరేది. ఎవరూ శాసనం చేయకుండానే నీటి వాడుకకు ఒక హద్దు ఉండేది. విద్యుత్తు మోటారు వచ్చి ఆ హద్దును తొలగించింది. మోటారుకు అలసట లేదు.

1966–67 క్షామం నాటి నుంచి గ్రామాలకు మంచినీరు అందించడానికి గట్టి రాతిని వేగంగా తొలచగల యంత్రాలను యునిసెఫ్ సంస్థ సహాయంతో మన దేశానికి తెచ్చారు. ఆ యంత్రాలు ఎన్నో గ్రామాల దాహం తీర్చినవి. అదే విద్య కొన్నేండ్లకు పొలాలలోకి వచ్చింది. బావి తవ్వడానికి నెలలు పడితే, బోరు వేయడానికి ఒక రాత్రి చాలు. చెరువు ఆయకట్టులో భూమి లేని చిన్నరైతుకు, మెట్టమీది బీదరైతుకు మొదటిసారి తన సొంత నీరు దొరికింది. ఈ మేలును తక్కువ చేసి చెప్పరాదు. బోరు వేసినవాడు తప్పు చేశాడనడం అన్యాయం.

చిక్కు ఎక్కడ వచ్చినదంటే, చెరువులో నీరు అందరికీ కనిపించినట్లు భూగర్భ జలం కనిపించదు. నీరు మాత్రం ఒకే మొరం పొరలోనిది. పక్కవాని బోరు రెండువందల అడుగులైతే నా బోరు మూడువందలు, అతనిది నాలుగువందలు. ఈ పోటీలో వేసిన బోర్లు ఎండిపోయి, మళ్లీ అప్పు చేసి మళ్లీ బోరు వేసి చితికిపోయిన కుటుంబాలు అనంతపురం, నల్లగొండ వంటి జిల్లాలలో వేలున్నవి. రైతుల ఆత్మహత్యల వెనుక ఉన్న కారణాలలో ఈ బోరు అప్పు ఒకటి. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చి రైతు భారం తగ్గింది. కాని ఎంత తోడినా ఖర్చు ఒకటే కావడంతో తోడుకు చివరి హద్దు కూడా పోయింది.

ఒక చిన్న లెక్క

ఇప్పుడు మన విద్యార్థులు చేయగలిగిన లెక్క ఒకటి చూద్దాం. ఒక గ్రామంలో సాలుకు 60 సెంటీమీటర్ల వాన పడినదనుకొందాం. ఆవిరి కాగా, వాగులలో పారిపోగా, నేలలోకి లోతుగా ఇంకేది అందులో సుమారు పదవ వంతు. అనగా 6 సెంటీమీటర్లు.

యాసంగి వరికి మడిలో పెట్టవలసిన నీరు సుమారు 120 సెంటీమీటర్లు. 120ని 6తో భాగిస్తే 20 వస్తుంది. అనగా ఒక ఎకరం వరి పండించడానికి ఇరవై ఎకరాల మీద ఏడాది పొడుగునా ఇంకిన నీరు కావాలి. మడిలో పెట్టిన నీటిలో సగం తిరిగి నేలలోకి ఇంకుతుందని ఉదారంగా లెక్కవేసినా, పది ఎకరాల నీరు తప్పదు. అదే వేరుశనగ వంటి ఆరుతడి పంటకు సుమారు 50 సెంటీమీటర్లు చాలు. అప్పుడు ఎకరానికి ఎనిమిదెకరాల నీరు సరిపోతుంది. గ్రామంలో రెండువేల ఎకరాలుంటే బోర్ల కింద వరి నూరెకరాలా, రెండువందల ఎకరాలా అన్నది చర్చించవచ్చు. అయిదువందల ఎకరాలు మాత్రం కుదరదు. కుదిరినట్లు కొన్నేండ్లు కనిపిస్తే, అది పాత నిలువ తరిగిపోతున్నదనడానికి గుర్తు.

శక్తి లెక్క కూడా చూడవచ్చు. ఎకరం వరికి కావలసిన 120 సెంటీమీటర్ల నీరు దాదాపు 4,850 ఘనపు మీటర్లు. దానిని పది మీటర్ల లోతు నుంచి ఎత్తడానికి, ఏ నష్టమూ లేదనుకొంటే, 132 యూనిట్ల విద్యుత్తు కావాలి. నూరు మీటర్ల లోతు నుంచి అయితే 1,320 యూనిట్లు. పంపులో, మోటారులో కలిగే నష్టాల వల్ల శక్తిలో నూటికి నలభై పాళ్లే పనికివస్తుందనుకొంటే, ఇది 3,300 యూనిట్లవుతుంది. రైతుకు విద్యుత్తు ఉచితమే కావచ్చు. ప్రకృతికి ఉచితం అనే మాట లేదు. ఆ శక్తిని ఎవరో ఎక్కడో పుట్టించవలసిందే.

లెక్క నేర్చుకొన్న పల్లెలు

ఈ లెక్క రైతులకు అర్థం కాదని కొందరంటారు. అది పొరపాటు. 2000 తరువాతి దశకంలో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ అనే ఏడు కరువు జిల్లాలలో, అంతర్జాతీయ ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఒక ప్రయత్నం జరిగింది. ఆరువందలకు పైగా గ్రామాలలో రైతులే, స్త్రీలూ పురుషులూ కూడా, వర్షమాపకాలలో వాన కొలిచారు. ఎంచుకొన్న బోర్లలో నీటిమట్టం కొలిచారు. వానాకాలం ముగియగానే గ్రామమంతా కూర్చొని, ఇంకిన నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని లెక్కవేశారు. లోటు కనిపించినచోట ఏమి చేయాలో ఎవరూ ఆజ్ఞాపించలేదు. అయినా చాలామంది వరి తగ్గించి తక్కువ నీటి పంటల వైపు మళ్లారు. కనిపించని నీటిని కొలతల ద్వారా కనిపించేటట్లు చేయడమే ఇందులోని రహస్యం. ఇది పాత తైబందీకి కొత్త రూపమనవచ్చు.

చెరువుల పునరుద్ధరణ రెండవ మార్గం. తెలంగాణ ప్రభుత్వం 2015లో మిషన్ కాకతీయ పేరుతో 46,531 చెరువులు, కుంటలు బాగుచేయాలని సంకల్పించింది. చెరువులలో పూడిక తీసి, ఆ మట్టిని రైతులు తమ ఖర్చుతో పొలాలకు తోలుకొన్నారు. పూడికమట్టిలో సన్నని బంకరేణువులు, సేంద్రియ పదార్థం, కొంత నత్రజని, భాస్వరం ఉంటాయి. ఎర్రనేలలో దానిని కలిపితే తేమ ఎక్కువ రోజులు నిలుస్తుంది. వానకు వానకు మధ్య వచ్చే పదిరోజుల బెట్టకు పైరు తట్టుకొంటుంది. చెరువు నిండితే దాని కింది బోర్లకూ ఊట వస్తుంది. ఈ విధంగా చెరువు, బోరు పరస్పరం శత్రువులు కానక్కరలేదు. చెరువు భూగర్భ జలానికి ఆదాయం, బోరు వ్యయం.

ముందు మార్గం

ఆదాయం పెంచడం ఒక్కటే చాలదని చరిత్ర హెచ్చరిస్తున్నది. నీరు పెరిగిన ప్రతిసారీ వరి విస్తీర్ణం అంతకంటె వేగంగా పెరిగితే అయిదవ దోషం తిరిగి వస్తుంది. బిందుసేద్యం సంగతీ అంతే. ఆంధ్రప్రదేశ్‌లో 2003 నుంచి దీనికి పెద్దయెత్తున ప్రోత్సాహం లభించింది. ఈ పద్ధతిలో ఎకరానికి నీరు తక్కువ పడుతుంది. కాని మిగిలిన నీటితో ఇంకొక ఎకరం సాగు చేస్తే గ్రామం మొత్తానికి పొదుపు శూన్యం.

రైతు వరివైపు మొగ్గడానికి కారణం అజ్ఞానం కాదు. వరికి నిశ్చయమైన కొనుగోలు ఉన్నది. జొన్న, సజ్జ, కొర్ర, కందులకు అంత నిశ్చయం లేదు. 2023వ సంవత్సరాన్ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఉత్సవాలకంటె రైతుకు కావలసింది, పండించిన జొన్నను న్యాయమైన ధరకు కొనే కేంద్రం. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అనగా వాల్టా చట్టం, బోర్లకు అనుమతులు, దూరాలు నిర్ణయించింది. చట్టం ఉన్నా, కొలత లేనిచోట దానిని అమలుచేయడం కష్టం.

వానల తీరు కూడా మారుతున్నది. తక్కువ రోజులలో కుండపోతగా కురిసే వానలు పెరుగుతున్నవి. 2021 నవంబరులో కడప ప్రాంతాన చెయ్యేరు మీది అన్నమయ్య జలాశయపు కట్ట వరదకు కొట్టుకొనిపోయి ప్రాణనష్టం కలిగింది. కాబట్టి పాత చెరువులను బాగుచేసేటప్పుడు పూడిక తీస్తే చాలదు. రాబోయే వరదను సురక్షితంగా వదలగలిగేటంత వెడల్పుగా అలుగు ఉన్నదా అని కొత్తగా లెక్కవేయాలి.

ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈ లెక్కలకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఒక గాజుసీసా, గరాటు ఉంటే వర్షమాపకం తయారవుతుంది. నూలుతాడుకు ఒక బరువు కట్టి, పెద్దలు తోడుండగా, గోడ కట్టిన ఊరబావిలో నెలకొకసారి నీటిమట్టం కొలవవచ్చు. చెరువు తూము దగ్గర గుర్తులు గీసి, నీరు తగ్గే తీరును పుస్తకంలో వ్రాసుకోవచ్చు. ఈ మూడు అంకెలను సంవత్సరం పొడుగునా గోడమీది పటంలో చూపి, యాసంగి నాట్లకు ముందు పిల్లలు వాటిని గ్రామసభలో చదివి వినిపించితే, ఊరి నీటి లెక్క మొదలైనట్లే. తన పొలంలో ఏమి వేయాలన్న నిర్ణయం రైతుదే. ఆ నిర్ణయానికి ముందు, ఈ యేడు ఊరికి ఎంత నీరున్నదో తెలుసుకొనే హక్కు అతనికున్నది. ఆ అంకెను అందించే పని మన పాఠశాలలు చేయగలవు.